‘ప్రజలు’ అంటే ఎవరు? – ఫోన్లలో జరిగే బహిరంగ చర్చ మీద సిద్ధాంత వ్యాసం

మన హాస్టళ్ళలో వక్తృత్వ పోటీ లేని సంవత్సరం ఉండదు. ఏప్రిల్ 14 అంబేద్కర్ జయంతికో, ఆగస్టు 15కో ఐదేసి నిమిషాలు మాట్లాడమంటారు. ఒకరు గొంతు పెంచుతారు, ఒకరు సామెతలు గుప్పిస్తారు, ఒకరు తల్లి కష్టం చెప్పి కూర్చున్నవాళ్ళ కళ్ళు తడిపేస్తారు. ఎవరికి టిఫిన్ బాక్సు వచ్చిందో, ఎవరికి స్టీలు గ్లాసు వచ్చిందో ఏడాది పొడుగునా చెప్పుకుంటాం గాని, ఆ మాట ఆ రోజు ఎందుకు పని చేసిందని మరునాడు ఎవరమూ అడగం. ఆ ప్రశ్న అడిగి, సాక్ష్యాలతో జవాబు రాస్తే అదే ఒక సిద్ధాంత వ్యాసం. రెటరిక్ అనే శాస్త్రం చేసే పని అదే.

ఎం.ఏ. చివరి సెమిస్టరులో డిసర్టేషన్ రాయబోయే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు టాపిక్ ఏం తీసుకోవాలని అడుగుతుంటారు. ఇంట్లో మనకంటే ముందు డిగ్రీ చదివినవాళ్ళు లేనప్పుడు ఈ సంగతులు చెప్పేవాళ్ళు కూడా ఉండరు. అందుకని ఈ సంచికలో కొన్ని పేజీలు తీసుకుంటున్నాను. పాత కావ్యాల మీద రాయవద్దని నేను అనను. కాని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం నుంచి వచ్చిన మనకు ఒక సౌకర్యం ఉంది. మన ఊళ్ళ గురించిన వాదం రోజూ మన చేతిలోని ఫోన్లోనే నడుస్తోంది. రచ్చకట్ట మీద జరిగిన మాటలు గాలిలో కలిసిపోయేవి. ఇప్పుడవి అక్షరాల్లో మిగులుతున్నాయి. వాటిని చదవడానికి పద్ధతి కావాలి, అంతే.

రెటరిక్ అన్న మాటకు నిఘంటువుల్లో ‘అలంకార శాస్త్రం’ అని కనిపిస్తుంది. ఈ అర్థం పట్టుకుని వెళితే ఉపమలు, రూపకాలు లెక్కపెట్టి ఆగిపోతాం. క్రీస్తు పూర్వం 4వ శతాబ్దంలో అరిస్టాటిల్ చెప్పింది వేరు. ఒక సందర్భంలో ఎదుటివారిని ఒప్పించడానికి ఏయే దారులున్నాయో కనిపెట్టే విద్య అది అన్నాడు. మాట్లాడేవాడి మీద నమ్మకం, వినేవారి మనసులో కలిగే ఉద్వేగం, చెప్పిన మాటలోని తర్కం అని మూడు దారులు చూపించాడు. మన వక్తృత్వ పోటీలో తల్లి కష్టం చెప్పినవాడు రెండో దారిన వెళ్ళాడు. ఈ పాఠం ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది కాబట్టి ఇక్కడ ఆగను.

దానికంటే మనకు దగ్గరి పనిముట్టు గౌతముని న్యాయసూత్రాల్లో ఉంది. అందులో వాదనను మూడుగా విడదీశారు. నిజం తేల్చుకోవడానికి ఇద్దరు చేసేది వాదం. ఏ విధంగానైనా గెలవాలని చేసేది జల్పం. తనకంటూ ఏ పక్షమూ నిలబెట్టకుండా ఎదుటివాడి మాటను కొట్టేయడమే పనిగా పెట్టుకున్నది వితండం. ‘వితండవాదం చేయొద్దురా’ అని మన ఇళ్ళలో చదువురాని పెద్దలు కూడా అంటారు. అదే మాట ఇది. జల్పంలో వాడే ‘ఛలం’ అనే ఎత్తుకు వాత్స్యాయనుడు ఇచ్చిన ఉదాహరణ మన గొర్రెల కాపరులకు వెంటనే అర్థమవుతుంది. ఒకడు ‘ఇతనిది నవకంబళం’ అన్నాడు. కొత్త కంబళి ఉంది అని అతని భావం. ఎదుటివాడు ‘నవ అంటే తొమ్మిది కదా, తొమ్మిది కంబళ్ళు ఏవి? ఒకటే కదా ఉంది’ అన్నాడు. మాటకున్న రెండో అర్థాన్ని పట్టుకుని కావాలని అడ్డం తిప్పడం ఇది. మీ ఫోను తెరిచి ఏదైనా రాజకీయ వీడియో కింద పది వ్యాఖ్యలు చదవండి. నవకంబళం తప్పక దొరుకుతుంది.

ఇక టాపిక్. ‘సోషల్ మీడియాలో తెలుగు భాష’ అని పెట్టుకుంటే పది మంది పదేళ్ళు రాసినా తెగదు. ఒక వివాదం, ఒక కాలం, ఒక ప్రశ్న తీసుకోవాలి. ఉదాహరణకు ఆదోని జిల్లా కోరిక. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. నంద్యాల వేరు పడింది. ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం, ఆలూరు కర్నూలులోనే ఉండిపోయాయి. ఆదోనిని జిల్లా చేయాలని అప్పుడూ, ఆ తరువాతా వీధుల్లోనూ ఫోన్లలోనూ జరిగిన వాదన అంతా మీ ముడిసరుకు. ‘ఆదోని జిల్లా కావాలా వద్దా’ అన్నది మీ ప్రశ్న కాదు. అది ఓటరుగా మీ ఇష్టం. ‘కావాలన్నవారు, అక్కర్లేదన్నవారు ఏ మాటలతో ఎవరిని ఒప్పించాలని చూశారు’ అన్నది మీ ప్రశ్న. ఈ రెంటికీ తేడా తెలియకుండా రాసిన వ్యాసం కరపత్రం అవుతుంది.

ఒక చిన్న వాదాన్ని విప్పి చూద్దాం. న్యాయ శాస్త్రంలోనే వాక్యానికి ఐదు అవయవాలు చెప్పారు: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. ‘ఆదోని జిల్లా కావాలి’ ప్రతిజ్ఞ. ‘కర్నూలు దూరం కాబట్టి’ హేతువు. ఆదోని నుంచి కర్నూలుకు దాదాపు 100 కిలోమీటర్లు. కౌతాళం, హొళగుంద పల్లెల వారికి ఇంకా ఎక్కువ. కాని దూరమైతే జిల్లా ఎందుకు ఇవ్వాలి? ఆ రెంటినీ కలిపే దారం ఒకటుండాలి. ‘ఆఫీసు పని మీద వెళ్ళిన మనిషి పొద్దుగూకేలోగా ఇల్లు చేరాలి’ అన్నది ఆ దారం. బ్రిటిష్ తత్త్వవేత్త స్టీఫెన్ టూల్మిన్ 1958లో రాసిన పుస్తకంలో ఈ దారం గురించే ఎక్కువగా చెప్పాడు. జనం దీన్ని పైకి అనరు, అందరికీ తెలుసనుకుంటారు. 2022లో ప్రభుత్వం పట్టుకున్న దారం వేరు. లోక్‌సభ నియోజకవర్గానికి ఒక జిల్లా అన్నారు. ఆదోని కర్నూలు లోక్‌సభ స్థానంలో ఉంది కాబట్టి ఆ లెక్కలో దానికి చోటు లేదు. అయితే అరకు ఒక్క స్థానంలో రెండు జిల్లాలు వచ్చాయి. విస్తీర్ణం, కొండ దారులు దానికి కారణం. ‘అక్కడ దూరం చూశారు కదా, ఇక్కడ ఎందుకు చూడరు’ అన్నవాడు ప్రభుత్వం చూపిన మినహాయింపునే తన ఉదాహరణగా చేసుకుంటున్నాడు. ఇది కేక కాదు, మంచి వాదం. వ్యాసంలో ఇలాంటి చోట మీరు ఆగి ఒక పేజీ రాయాలి.

దీనికి చరిత్ర కూడా తోడవుతుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలోవి. ఎమ్మిగనూరు అప్పుడు ఆదోని తాలూకాలో ఊరు. రాష్ట్రంతో పాటు జిల్లా కూడా మారింది. ఆ రోజు కర్నూలు రాజధాని అయింది, మూడేళ్ళకు 1956లో అదీ పోయింది. రాజధానో హైకోర్టో ఒకటి రాయలసీమకు రావాలన్న శ్రీబాగ్ ఒడంబడిక 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇంట్లో కుదిరింది. కర్నూలులో న్యాయ రాజధాని అన్న ప్రతిపాదన 2019 డిసెంబరులో వచ్చినప్పుడు, ఆ చట్టాన్ని 2021 నవంబరులో వెనక్కి తీసుకున్నప్పుడు, ఎనభై ఏళ్ళ నాటి ఈ కాగితం మళ్ళీ అందరి నోళ్ళలో నానింది. దాన్ని ‘ఒడంబడిక’ అన్నవారు ఇచ్చిన మాట తప్పారని అడుగుతారు. ‘కొందరు నాయకుల అవగాహన’ అన్నవారు చట్టం ఎక్కడుందని అడుగుతారు. పేరు పెట్టడంతోనే సగం వాదం అయిపోతుంది. ఏ పక్షం ఏ పేరు వాడిందో పట్టిక వేయండి. పెద్ద సిద్ధాంతాలు లేకుండానే ఒక అధ్యాయం తయారవుతుంది.

మన భాషలోనే ఉన్న పనిముట్లు

ఇంగ్లీషు పుస్తకాల్లో దొరకనివి ఇవి. అందుకే కొంచెం నిదానంగా చెబుతాను.

మొదటిది ‘మనం’, ‘మేము’. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట. తెలుగులో ‘మనం’ అంటే వినేవాడు లోపల ఉన్నాడు, ‘మేము’ అంటే బయట ఉన్నాడు. ‘మా ఆదోనికి అన్యాయం’ అన్నవాడు కర్నూలు వైపు చూసి మాట్లాడుతున్నాడు. ‘మన ఆదోనికి అన్యాయం’ అన్నవాడు పక్క ఊరివాణ్ణి తన వైపు లాక్కుంటున్నాడు. ఎమ్మిగనూరు ఆదోనికి దాదాపు 30 కిలోమీటర్లు, కర్నూలు వైపు దారిలో ఉంది. అక్కడి మనిషి ఆ ‘మన’లో చేరడానికి ఒప్పుకుంటాడా? ఒకే మనిషి రాసిన పోస్టులో మొదట ‘మా’, చివరికి ‘మన’ వచ్చిందంటే మధ్యలో ఏదో జరిగింది. అది ఎక్కడ జరిగిందో వెతకండి.

రెండోది క్రియ. మన ఆదోని పత్తి మార్కెట్ పేరున్నది. ధర తగ్గిన రోజు ఎవరి పోస్టు చూసినా ‘పత్తి ధర పడిపోయింది’ అనే ఉంటుంది. వాన పడినట్టు, గోడ పడినట్టు ధర కూడా తనంతట తానే పడింది. ఎవరూ తగ్గించలేదు. ‘ధర తగ్గించేసినారు’ అంటే ఎవరు అన్న ప్రశ్న వస్తుంది. ఈ రెండు వాక్యాల మధ్య ఉన్నదే రాజకీయం. రైతు ఏది వాడుతున్నాడు, వ్యాపారి ఏది వాడుతున్నాడు, పత్రిక శీర్షికలో ఏది వస్తోంది, ఒక్క సీజను లెక్కపెట్టండి. ‘గిట్టుబాటు కాలేదు’ కూడా అలాంటిదే. ఎవరికి గిట్టలేదో చెప్పదు.

మూడోది అన్నిటికంటే చిన్నది, అన్నిటికంటే ప్రమాదమైనది: ‘అంట’. పుస్తకాల్లో ‘అట’ అని రాస్తారు. ‘దొంగలొచ్చినారంట’ అన్నవాడు తాను చూడలేదని, ఎవరో చెప్పగా విన్నానని ఆ రెండక్షరాల్లోనే ఒప్పుకుంటున్నాడు. మన నాయనమ్మలు ఈ నిజాయితీని వ్యాకరణంలోనే పాటించారు. ఆ మాటను ఒకడు టైపు చేసేటప్పుడు పత్రికా భాషలోకి మార్చి ‘దొంగలు వచ్చారు’ అని రాస్తాడు. అంట రాలిపోతుంది, పుకారు వార్త అయిపోతుంది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న సందేశాలు తెలుగు రాష్ట్రాలతో సహా దేశమంతా పాకి, దారినపోయే అమాయకులు దెబ్బలు తిని ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ ఏడాది జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చాట్‌లకే పంపేలా హద్దు పెట్టింది. 2020 ఏప్రిల్ నుంచి చాలాసార్లు చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తోంది. ఆ యంత్రం హద్దులు కూడా వ్యాసంలో రాయాలి. మాట ఎంత దూరం పోతుందన్నది మాట బలం మీదే కాదు, దారి మీద కూడా ఆధారపడుతుంది.

నాలుగోది మర్యాద. ‘వాడు, అతను, ఆయన, వారు’ – ఎవరిని ఎవరు ఏమంటున్నారు? మన పేటల్లో డెబ్బై ఏళ్ళ ముసలాయనను పెద్దింటి పిల్లవాడు ‘ఏరా’ అని పిలవడం ఎరిగిన మనకు ఈ విషయం ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఫోన్లో మనిషి కనబడడు, కులం కనబడదు అంటారు. ఇంటి పేరు తెలిసిన మరుక్షణం సర్వనామం మారుతుందా లేదా అన్నది చూస్తే ఆ మాట ఎంత నిజమో తేలుతుంది. నా అభిప్రాయంలో ఇదొక్కటే ఒక పూర్తి పిహెచ్.డి.కి సరిపోయే విషయం.

సేకరణ సంగతి

అందరూ చూసేలా పెట్టిన పోస్టు వేరు, పది మంది బంధువులున్న గ్రూపు వేరు. రెండో దానిలోని మాటను అడగకుండా వ్యాసంలో పెట్టకూడదు, మీరు అందులో సభ్యులైనా సరే. మొదటిదానిలో కూడా సామాన్యుల పేర్లు, ఫోటోలు, నంబర్లు తీసేసి ‘వ్యాఖ్య 1’, ‘వ్యాఖ్య 2’ అని అంకెలు వేయాలి. ఎమ్మెల్యే, మంత్రి వంటి వారు బహిరంగంగా అన్న మాటకు పేరు రాయవచ్చు, రాయాలి. స్క్రీన్‌షాట్ తీసిన రోజే తేదీ, సమయం, ఎన్నిసార్లు పంచుకున్నారో ఒక నోటుబుక్కులో రాసుకోండి. రేపు ఆ పోస్టు తీసేస్తే మీ నోటుబుక్కే సాక్ష్యం. ఒకటే జిల్లాను జనం తెలుగు లిపిలో, ఇంగ్లీషు అక్షరాల్లో, ఒత్తు ఉంచి, ఒత్తు పీకేసి నాలుగైదు రకాలుగా రాస్తారు. ఒక్క రూపంతో వెతికితే మిగిలినవారు మీ లెక్కలోంచి జారిపోతారు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవారిని చిన్నచూపు చూడకండి. తెలుగు కీబోర్డు అలవాటు లేనివారి మాటను వదిలేస్తే మన వ్యాసం కూడా చదువుకున్నవాళ్ళ చర్చే అవుతుంది.

చట్టం దగ్గర ఒక ఉపయోగకరమైన గీత ఉంది. ఐ.టి. చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసింది. ఆ తీర్పు మాటను మూడుగా చూసింది: చర్చించడం, ఒక పక్షాన్ని బలంగా సమర్థించడం, ఉసిగొల్పడం. మొదటి రెండూ ఎంత చేదుగా ఉన్నా వాక్ స్వాతంత్ర్యంలోవే అన్నది. మీరు సేకరించిన వాక్యాలను ఈ మూడు గంపల్లో వేసి చూడండి. కొన్ని ఏ గంపలోనూ సరిగా ఇమడవు. వ్యాసం అక్కడ మొదలవుతుంది.

ఎదుటిపక్షాన్ని ఎలా రాయాలన్నదానికి బాబాసాహెబ్ చూపిన దారి ఉంది. 1936లో లాహోరులోని జాత్ పాత్ తోడక్ మండల్ ఆయనను అధ్యక్షోపన్యాసానికి పిలిచింది. ముందుగా పంపిన ప్రసంగం చదివి కొన్ని భాగాలు మార్చమంది. ఆయన మార్చనన్నారు, సభే రద్దయింది. చేయని ఆ ఉపన్యాసాన్ని ఆయన సొంతంగా అచ్చు వేశారు. అదే ‘కుల నిర్మూలన’. గాంధీగారు ‘హరిజన్’ పత్రికలో దాన్ని విమర్శించారు. 1937 కూర్పులో అంబేద్కర్ ఏం చేశారో చూడండి. గాంధీగారి విమర్శను కూడా అదే పుస్తకంలో అచ్చు వేసి, దాని పక్కనే తన జవాబు పెట్టారు. ఎదుటివాడి మాటను కత్తిరించి, అందులో ఒక ముక్కను ఎగతాళి చేసి గెలవడం తేలిక. దాన్ని అతని పూర్తి బలంతో పాఠకుడి ముందు పెట్టి, ఆ తరువాత జవాబు చెప్పడం వాదం. మీ వ్యాసంలో మీకు నచ్చని పక్షానికి కూడా అంతే చోటివ్వాలి.

రాసే పని గురించి ఎక్కువ చెప్పను. ముందు ఏ అధ్యాయం వస్తే అది రాయండి, పీఠిక చివర రాయవచ్చు. శోధగంగలో అప్పటికే వచ్చిన సిద్ధాంత వ్యాసాలు ఉచితంగా చదవవచ్చు. చదివి పక్కన పెట్టి, మీ మాటల్లో రాయాలి. యు.జి.సి. 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం దాటితే వ్యాసం వెనక్కి వస్తుంది, 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. ఇక భాష. గ్రాంథికం వద్దని గురజాడ తన అసమ్మతి పత్రం రాసి 1914 నుంచి వందేళ్ళు దాటిపోయింది. అయినా సిద్ధాంత వ్యాసం అనగానే మన చేయి ‘గాంచవచ్చును’, ‘అవగతమగుచున్నది’ అని రాస్తుంది. ఉదాహరణలు మన సీమ మాటలో ఉన్నది ఉన్నట్టు ఉంచండి, ‘చెప్పినారు’ను ‘చెప్పారు’గా దిద్దకండి. వివరణ మాత్రం అందరికీ తెలిసే తెలుగులో రాయండి. వైవాలో ‘ఇదంతా ఫోన్లో చెత్త కదమ్మా, ఇందులో పరిశోధన ఏముంది’ అని అడగవచ్చు. ఆ చెత్తలో పడి ఏ కోరిక జిల్లా కేంద్రం దాకా వెళ్ళింది, ఏది వెళ్ళలేదు అన్నది చూపించగలిగితే అదే జవాబు.

ఇప్పుడు మొదట పెట్టిన పేరుకు వస్తాను. ‘ప్రజలు కోరుకుంటున్నారు’, ‘ప్రజలు క్షమించరు’ – ఏ పక్షమైనా ఈ వాక్యం లేకుండా పోస్టు ముగించదు. జర్మన్ తత్త్వవేత్త హాబర్మాస్ 1962లో బహిరంగ రంగం అనే భావన గురించి రాశాడు. అందరూ సమానంగా కూర్చుని చర్చించుకునే చోటు అన్నట్టు దాన్ని వర్ణిస్తే, నాన్సీ ఫ్రేజర్ 1990లో ఆ చోటిలోకి స్త్రీలు, కూలీలు ఎప్పుడు వచ్చారని అడిగింది. బయట ఉంచినవారు తమ చర్చావేదికలు తామే కట్టుకుంటారని కూడా చెప్పింది. 1920 జనవరి 31న అంబేద్కర్ మొదలుపెట్టిన పత్రిక పేరు ‘మూక్‌నాయక్’, అంటే మూగవారి నాయకుడు. ఆ పేరులోనే ఈ సిద్ధాంతమంతా ఉంది.

మన దగ్గర దీన్ని రెండు చోట్ల పరీక్షించవచ్చు. ఒకటి ఎమ్మిగనూరు. మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సహకార సంఘం స్థాపించిన ఊరు అది. ఆగస్టు 7ను 2015 నుంచి జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుతున్నారు. ఆ రోజు ఫోన్ల నిండా మగ్గం ఫోటోలే. వాటి కింద ‘వారసత్వం’, ‘కళ’, ‘ఆదుకుందాం’ అన్న మాటలు ఎన్ని, ‘కూలి’, ‘నూలు ధర’, ‘బాకీ’ అన్న మాటలు ఎన్ని? రాసినవాళ్ళలో మగ్గం గుంటలో కూర్చునేవాళ్ళు ఎందరు? బూదరాజు, భద్రిరాజు వంటి పండితుల కాలంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశాల్లో రెండోది, 1971లో అచ్చయింది, పూర్తిగా చేనేత పదాలదే. దాన్ని పక్కన పెట్టుకుని చదివితే, ఆ పోస్టుల్లో నేతగాళ్ళ మాట ఒక్కటైనా ఉందో లేదో తెలిసిపోతుంది.

రెండోది సుగ్గి. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద పల్లెల నుంచి జనం ఇళ్ళకు తాళాలు వేసి పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోతారు. జిల్లా మీద, నీళ్ళ మీద, రేటు మీద ‘ప్రజలు’ అంటూ సాగే చర్చలో ఆ నెలల్లో వీళ్ళు ఎక్కడున్నారు? చేలో గుడిసె వేసుకున్నవాడికి ఛార్జింగు ఎక్కడ, రాత్రి ఫోను చూసే ఓపిక ఎక్కడ? అయినా వాళ్ళలోనూ గ్రూపులున్నాయి. మేస్త్రీ పంపే వాయిస్ మెసేజీలున్నాయి, హాస్టల్లో ఉన్న పిల్లలకు తల్లులు చేసే వీడియో కాల్‌లున్నాయి. అక్షరాలు రానివారి వాదం గొంతులోనే నడుస్తుంది, టైపు చేసిన పోస్టులను వెతికే పరిశోధకుడికి అది దొరకదు. ఉగాది నాటికి చాలామంది తిరిగి వస్తారు. ఆ వేసవి సెలవుల్లో మన ఊళ్ళోనే ఒక నోటుబుక్కు పట్టుకుని, ఒప్పుకున్నవారి దగ్గర కూర్చుని, ‘ఆడ ఉన్నప్పుడు ఫోన్లో ఏం ఇన్యావు, ఎవరికి ఏం చెప్పినావు’ అని అడిగి రాసుకోవచ్చు. ఎవరైనా ఈ టాపిక్ తీసుకుంటే నా దగ్గరున్న పుస్తకాలు, నోట్సు ఇస్తాను. సినాప్సిస్ మాత్రం సెమిస్టరు మొదటి నెలలోనే గైడ్‌కు చూపించండి.